బంగ్లాదేశ్ అవతరణ కథ – తొమ్మిదవ భాగము: 117 రూపాయలు

గతభాగము ముగియునప్పటికి మనము ఢాకా నగరపు రేస్‌కోర్సు మైదానమున ఉంటిమి. 1971 డిసెంబరు 16వ తేదీ సాయంకాలము ఒక చిన్న బల్ల ముందు కూర్చుండి జనరల్ నియాజీ లొంగుబాటు పత్రముపై సంతకము చేయుటయు, ప్రక్కనే కూర్చున్న జనరల్ జగ్‌జిత్ సింగ్ ఆరోరా దానిని స్వీకరించుటయు, రమారమి 93,000 మంది బందీలగుటయు చూచితిమి. తొమ్మిది నెలల రక్తపాతము ముగిసినది. భారతభూమిపై తలదాచుకొనిన కోటిమంది శరణార్థులు చాపలు, గిన్నెలు మూటగట్టుకొని ఇండ్లకు మఱలుటకు దారులు తెఱచుకొనినవి. 1972 జనవరి 10వ తేదీన, పాకిస్థాను చెఱనుండి విడుదలయై లండను మీదుగా వచ్చిన షేక్ ముజిబుర్ రహమాన్‌ను ఢిల్లీలో ఎదురేగి స్వాగతించిన రాష్ట్రపతి మన వరాహగిరి వేంకటగిరిగారే. ఆనాడే ముజిబ్ ఢాకా చేరి, అదే మైదానమున జనసముద్రము నెదుట నిలిచి కన్నీరు పెట్టెను. విజయగాథ అంతవఱకే. ఇప్పుడు చెప్పబోవునది ఆ మఱునాటి కథ.

యుద్ధము గెలిచినవారు ఖజానా తలుపు తెఱచి చూచినప్పుడు లోపల ఏమి కనబడెనో తెలియవలెనన్న, చిట్టగాంగు నగరమున ఒక బ్యాంకు ఖాతాను చూచిన చాలును. పాకిస్థాను అంతర్జాతీయ విమానసంస్థవారు ఆ నగరమును విడిచిపోవుచు తమ ఖాతాలో మిగిల్చిన పైకము, ఆ దినములలో విదేశపత్రికలు వ్రాసినదానినిబట్టి, సరిగా 117 రూపాయలు. ఒక్క సంస్థ చేసిన పని కాదది. తూర్పుబెంగాలున వ్యాపారము చేయుచుండిన పశ్చిమ పాకిస్థాను సంస్థలు, ఓటమి నిశ్చయమని తోచిన నాటినుండియే, తమ నిధులను కరాచీకి తరలించుకొనుచు వచ్చినవి. సైనికులు లొంగిపోవుటకు ముందు నోట్లకట్టలను తగులబెట్టిరి. మిల్లుల యజమానులు విమానమెక్కి పోయిరి, మేనేజర్లు పోయిరి, లెక్కలు తెలిసిన బెంగాలీ విద్యావంతులలో ఎందఱో డిసెంబరు 14వ తేదీ రాత్రి కండ్లకు గంతలు కట్టబడి కొనిపోబడి, రాయర్‌బజారు ఇటుకబట్టీల కడ శవములై దొరకిరి. ఏడున్నర కోట్ల జనులకు ప్రభుత్వమేర్పడినది కాని, ఆ ప్రభుత్వపు చేతిలో విదేశములకు చెల్లునట్టి ద్రవ్యము ఇంచుమించు శూన్యము.

అప్పు లెక్కించుటకు ముందు నష్టము లెక్కింపవలసి యుండెను. ఆ దేశపు దుఃఖము యుద్ధముతో మొదలైనది కాదు. 1970 నవంబరులో సముద్రము నుండి లేచివచ్చిన తుపాను మూడు లక్షలకు తక్కువ గాని ప్రాణములను బలిగొనినది. ఆ గాయము మానకముందే, 1971 మార్చి 25 రాత్రి తుపాకులు మ్రోగినవి. యుద్ధము ముగిసిన పిదప పరిశీలకులు వేసిన అంచనా ప్రకారము 60 లక్షల యిండ్లు నేలమట్టమైనవి. 14 లక్షల రైతుకుటుంబములకు దున్నుటకు ఎద్దులు గాని, నాగళ్లు గాని మిగులలేదు. రైలువంతెనలు సుమారు 300, రోడ్డు వంతెనలు 270కి పైగా ధ్వంసమైనవి. నదులే వీథులైన దేశమున వంతెన కూలుటయన్నను, పడవ మునుగుటయన్నను ఏమో గోదావరి లంకలలో నివసించువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు: ఒక జిల్లాలో ధాన్యము మురిగిపోవుచుండగా ప్రక్కజిల్లాలో పిల్లలు ఆకలికి ఏడ్తురు. చిట్టగాంగు రేవు ముఖద్వారమున మందుపాతరలు, మునిగిన ఓడల మొండెములు నిండియుండగా, తిండిగింజలతో వచ్చిన ఓడలు లోపలికి రాలేక సముద్రమున నిలిచిపోయినవి. ఆ యేడాది దేశమునకు కావలసి వచ్చిన తిండిగింజలు ఇరువది లక్షల టన్నులకు మించినవి.

ఇంత పేదరికము ఎక్కడిది? బెంగాలు డెల్టా భూములు బంగారము పండునవి. ఆ నేలలో పండు జనుమునారను అక్కడివారు బంగారుపోగు అనియే పిలుతురు. నెల్లిమర్లలోను, చిట్టివలసలోను జూటుమిల్లుల కూతవిని నిదురలేచిన మన ఉత్తరాంధ్ర పాఠకులకు ఆ పోగు విలువ తెలియును. అవిభక్త పాకిస్థానునకు విదేశమారకమును ఆర్జించిపెట్టినవానిలో ప్రధానమైనది ఆ జనుమే. అయినను రైతు మోకాలిలోతు నీటిలో నిలిచి కోసి, మురుగబెట్టి, పీచుతీసి, ఎండబెట్టిన నారను అమ్మగా వచ్చిన డాలర్లు కరాచీ చేరి, అక్కడ కార్ఖానాలై, తరువాత ఇస్లామాబాదున రాజధానీ భవనములై నిలిచినవి. తిరిగి తూర్పునకు వచ్చినది స్వల్పము. 1966లో ముజిబ్ ప్రకటించిన ఆఱుసూత్రములలో వేఱు నాణెమును గూర్చియు, వేఱు విదేశమారకపు లెక్కలను గూర్చియు ఉన్న కోరికలు ఈ వేదననుండి పుట్టినవే. కనుక 1972లో ఢాకా పాలకులకు పుట్టిన ప్రథమసంకల్పము తమ డబ్బు తమ చేతిలో ఉండవలెననుట. ఏ డబ్బు లేదో ఆ డబ్బును గూర్చిన సంకల్పమది. కాని అది లేకుండ రాజ్యమును నిలుపుటయు సాధ్యము కాదు.

కొత్తనోటు వచ్చువఱకు పాకిస్థాను నోట్లే చెలామణియయినవి. కొన్నిచోట్ల వానిపై బంగ్లాదేశ్ అని రబ్బరుముద్ర వేసి వాడుకొనిరి. 1972 జనవరిలోనే ప్రభుత్వము తన రూపాయి విలువను భారతదేశపు రూపాయితో సమానము చేసి, పౌనునకు 11.43గా ఉన్న మారకమును సుమారు 18.97కు మార్చెను. మార్చి 4వ తేదీన టాకా వెలువడినది. టంకమను సంస్కృతశబ్దమునుండి పుట్టిన పేరది. మన టంకసాలలోని టంకమును ఇదే. ఆ మొదటి ఒక టాకా, నూఱు టాకాల నోట్లు అచ్చయినది మన నాసిక్ ముద్రణాలయమున. ఆ నోట్లపై ముద్రించిన చిత్రము దేశపటము. నిన్నటివఱకు పటములో పేరులేని దేశము తన పటమునే నోటుమీద అచ్చొత్తుకొనినది. చెమటపట్టిన చేతులతో ఆ నోటును మొదటిసారి మడిచి లుంగీ ముడిలో దోపుకొనిన రైతు మనసును ఊహించినప్పుడెల్ల నాకు కన్ను చెమర్చును. అయితే, పొరుగుదేశమున అచ్చయిన నోట్లకు జంటనోట్లున్నవని, లెక్కకు మిక్కిలిగా వచ్చిపడినవని పుకార్లు పుట్టి, కొలదికాలమునకే వానిని ఉపసంహరింపవలసివచ్చెను. విముక్తికి తోడ్పడిన చేతిమీదనే అనుమానము మొలచుటకు ఒక సంవత్సరమైన పట్టలేదు.

ఈ కథకు నాయకుడెవరని అడిగిన నేను ముజిబ్ పేరుకంటె ముందు తాజుద్దీన్ అహ్మద్ పేరు చెప్పుదును. ఢాకాకు ఉత్తరమున కాపాసియా ప్రాంతపు దర్దరియా గ్రామమున 1925లో జన్మించిన యీ మితభాషి, ముజిబ్ చెఱలోనున్న తొమ్మిదినెలలును ప్రవాసప్రభుత్వమునకు ప్రధానమంత్రియై యుద్ధమును నడపినవాడు. కలకత్తా థియేటరు రోడ్డులోని కార్యాలయమున పనిగదిని ఆనుకొని ఉన్న చిన్నగదిలో పరుండుచు, దేశము విడుదలగువఱకు సంసారసుఖము వలదని కుటుంబమునకు దూరముగా ఉండి, తన బట్టలు తానే ఉతుకుకొనెడివాడు. ముజిబ్ తిరిగివచ్చి జనవరి 12న ప్రధానమంత్రి పదవిని స్వీకరింపగా తాజుద్దీన్ మాఱుమాటలేక తప్పుకొని, ఆర్థికమంత్రియయ్యెను. దేశమున అందఱకంటె కష్టమైన పని ఆయన పాలబడినది.

ఆయన మొదటి నిశ్చయము స్పష్టము: ఏ దేశములు తమ విముక్తికి ఎదురునిలిచినవో ఆ దేశముల ధనమును ముట్టరాదు. ఈ మాట ముఖ్యముగా అమెరికాను ఉద్దేశించినది. యుద్ధకాలమున అధ్యక్షుడు నిక్సన్ పాకిస్థానునకు అండగా నిలిచి, డిసెంబరులో బంగాళాఖాతమునకు యుద్ధనౌకలను పంపుట ఎవరు మఱతురు? అందుచేత భారత, సోవియట్ దేశముల సాయముతోను, సొంత చెమటతోను దేశమును నిలుపుకొందమని తాజుద్దీన్ వాదము. మంత్రివర్గమున దీనికి సమ్మతింపనివారు లేకపోలేదు. ప్రవాసకాలముననే అమెరికా ప్రతినిధులతో రహస్యసంభాషణలు నడపెనన్న ఆరోపణపై వెనుకకు నెట్టబడిన ఖొందకర్ ముస్తాక్ అహ్మద్ ఇప్పుడు తిరిగి ముజిబ్ చెంతకు చేరెను. యువజననాయకుడు షేక్ ఫజ్లుల్ హక్ మణికి తాజుద్దీన్ యన్న మొదటినుండియు సరిపడలేదు. ధనమెక్కడనుండి రావలెనన్న ప్రశ్న, ముజిబ్ ప్రక్కన ఎవరు కూర్చుండవలెనన్న ప్రశ్నతో పెనవేసికొనిపోయినది.

ఆనాటి ప్రణాళికాసంఘమువారు తరువాత చెప్పుకొనిన ఒక వృత్తాంతమున్నది. 1972 ఆరంభమున ప్రపంచబ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా ఢాకాకు వచ్చెను. వియత్నాము యుద్ధకాలమున అమెరికా రక్షణమంత్రిగా ఉండినవాడే యీయన. మీకు ఏమి కావలెనని ఆయన అడిగెను. వంతెనలకు ఇంత, మిల్లులకు ఇంతయని పట్టిక వచ్చునని కాచుకొనియున్న వారందఱు నివ్వెఱపోవునట్లు, తాజుద్దీన్ తమకు ఎద్దులు కావలెననెను. యుద్ధములో రైతులు ఊళ్లు విడిచి పాఱిపోవగా పశువులు చెదరిపోయినవి, చచ్చినవి. దున్నుటకు ఎద్దులు లేవు. ఎద్దులతోపాటు పలుపుతాళ్లును కావలెననెను. తాళ్లు సయితము పోయినవి, కట్టివేయకున్న ఎద్దులు నిలువవు గదా. విన్నవారిలో కొందఱు ఇది అవమానించుటకు అనిన మాటయని తలచిరి. ప్రణాళికాసంఘపు ఉపాధ్యక్షుడు, అర్థశాస్త్రజ్ఞుడు నూరుల్ ఇస్లామ్ వంటివారికి బ్యాంకువారితో పని నడువవలసియున్నందున ఆ మాట కష్టము తెచ్చిపెట్టినదనుటలో సందేహము లేదు.

అయినను ఆ సమాధానము కేవలము కోపమునుండి వచ్చినదని నేను ఒప్పుకొనను. 14 లక్షల రైతుకుటుంబములకు ఎద్దులు లేవన్న లెక్క కాగితముమీద ఉన్నదే. కొత్తవర్షము ఏప్రిలులో పడును. నేల అప్పుడు దున్ననిచో ఆ యేడు పంట లేదు. రైతు ఇంటినుండి వచ్చిన తాజుద్దీన్‌కు, నీరెండలో ఖాళీగా నిలిచిన పశువులపాక ఎట్లుండునో తెలియును: గుంజకు తెగిన తాడుముక్క వ్రేలాడుచుండును, గాడిలో గడ్డి ఎండి నల్లబడియుండును, ఇంటియాడుది ప్రొద్దుట అలవాటున పేడకడి తీయుటకు వచ్చి, ఏమియు లేక మఱలిపోవును. ప్రపంచబ్యాంకు పద్దులలో పలుపుతాటికి పద్దు లేదు. ఒక దేశపు పునర్నిర్మాణమునకు పెట్టుబడి ఎక్కడ మొదలు కావలెనన్న విషయమున ఆ బల్లకు ఇటుప్రక్కను, అటుప్రక్కను కూర్చున్నవారి చూపులు ఎంత దూరమో ఆ ఒక్క తాడు చెప్పుచున్నది.

మొదట ఆదుకొనినది భారతదేశమే. లక్షల టన్నుల ధాన్యము, పెట్రోలు, సిమెంటు, ఉక్కు, రైలింజనులు సరిహద్దు దాటి పోయినవి. భారతసైన్యము 1972 మార్చి మధ్యకల్ల వెనుకకు మఱలినను ఇంజనీర్లు నిలిచిపోయిరి. పాక్సీ కడ పద్మానదిపై హార్డింజి వంతెన కథ వినదగినది. 1915లో తెఱువబడిన ఆ వంతెన పదునైదు ఉక్కుకమానులతో, మైలుకు పైబడిన పొడవుతో, దేశపు ఉత్తరభాగమును దక్షిణముతో కలుపుచుండినది. యుద్ధపు చివరిదినములలో పండ్రెండవ కమాను నదిలో పడిపోయెను. పద్మ సామాన్యమైన నది కాదు; వర్షకాలమున ఒడ్డు కానరాదు. అట్టినదిలో విఱిగిపడిన ఇనుమును తొలగించి, దెబ్బతిన్న స్తంభములను చక్కజేసి, భారతరైల్వే ఇంజనీర్లు బెంగాలీ కార్మికులతో కలిసి పనిచేసి, 1972 అక్టోబరు 12వ తేదీన రైలు నడపిరి. పది నెలలు! ఏండ్లు పట్టునని చెప్పినవారు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి.

చిట్టగాంగు రేవును శుభ్రపఱచు భారమును సోవియట్ నావికాదళము వహించినది. 1972 ఏప్రిలులో రియర్ అడ్మిరల్ సెర్గేయి జుయెంకో నాయకత్వమున వచ్చిన ఆ నావికులు 1974 జూను వఱకు ఆ బురదనీటిలోనే గడపిరి. ఆ రేవున్న కర్ణఫులీ నది నీరు ఎంత మురికియన్న, మునిగినవానికి తన చేయి తనకు కనబడదు. తడిమి చూచియే పని చేయవలెను. యూరి రెద్కిన్ అను 22 ఏండ్ల నావికుడు ఆ పనిలోనే మరణించి, పతెంగా తీరమున సమాధియయ్యెను. అప్పులపద్దులో కనబడని ఋణమది.

ఐక్యరాజ్యసమితి ఢాకాలో ఒక సహాయసంస్థను నెలకొల్పి, ధాన్యము, ట్రక్కులు, చిన్న ఓడలు సమకూర్చి ఆకలిచావులను ఆపినది. 1973 ముగియునప్పటికి ప్రపంచము నలుమూలలనుండి దేశమునకు వచ్చిన సాయము వందకోట్ల డాలర్లను మించినది. ఇంత సాయము చేయుచున్న సమితిలో సభ్యత్వము మాత్రము ఆ దేశమునకు లేదు: 1972 ఆగస్టు 25న చైనా తన నిషేధాధికారమును ప్రయోగించి అడ్డుపడెను, 1974 సెప్టెంబరు 17 వఱకు ఆ తలుపు తెఱువబడలేదు.

పెద్దధనము వెంట కొన్ని చిన్నధనములు నడచినవి; వానిని దాటిపోవుటకు నాకు మనసొప్పదు. 1971 ఆగస్టు 1న న్యూయార్కు నగరమున పండిత రవిశంకర్, జార్జి హారిసన్ కలిసి నడపిన సంగీతసభల టిక్కెట్లవలన వచ్చిన 2,43,418 డాలర్లు శరణార్థి బాలల సహాయమునకు అందినవి. ఆ సభల గ్రామఫోను రికార్డులు అమ్మగా వచ్చిన సొమ్ములో అధికభాగము అమెరికా పన్నుల వివాదమున చిక్కుకొని ఏండ్లకొలది నిలిచిపోయినది. మన దేశమున 1971 నవంబరు 15 నుండి కవరుమీద మామూలు తపాలాబిళ్ళతోపాటు 5 పైసల శరణార్థి సహాయపు బిళ్ళను అంటింపవలసియుండెను. మొదట కుటుంబనియంత్రణ బిళ్లలమీదనే అక్షరములు అచ్చొత్తి ఇచ్చిరి. తరువాత ప్రత్యేకముగా అచ్చయినవి. తణుకులోనో, కరీంనగరులోనో కూర్చుండి పెండ్లిశుభలేఖను కవరులో పెట్టి పంపిన గృహస్థుడు ఎన్నడును చూడని పద్మాతీరవాసికి అయిదు పైసలు ఇచ్చినవాడే. 1973 మార్చి చివరివఱకు ఈ అయిదేసి పైసలు పోగైనవి.

లండనులో ఫజ్లే హసన్ ఆబెద్ అను యువకుడుండెను. అంతకుముందు చిట్టగాంగున ఒక పెద్ద చమురుసంస్థలో ఉద్యోగి. ఆయన లండనులోని తన చిన్న ఇంటిని అమ్మి, వచ్చిన 6,800 పౌనులతో స్వదేశమునకు మఱలి, సిల్హెటు ప్రాంతపు షల్లా అను మారుమూలకు పోయెను. వర్షకాలమున అంతయు నీటిలో మునిగి, గ్రామములు దీవులవలె తేలు ప్రదేశమది. అస్సామునుండి వెదుళ్లను నదిమీద తేల్చి తెప్పించి, కూలిన యిండ్లను నిలువబెట్టి, జాలరులకు పడవలు సమకూర్చెను. తొలియేడాదిలో వేలకొలది యిండ్లు లేచినవి. ఆ ప్రయత్నమే తరువాత బ్రాక్ అను పేర లోకప్రసిద్ధి గాంచిన సంస్థయయ్యెను. ప్రభుత్వముల ఒప్పందములు దస్త్రములలో నలుగుచుండగా వెదురు నదిమీద వచ్చి చేరినది.

ఇక సొంతధనము మాట. యజమానులు విడిచిపోయిన మిల్లులను, బ్యాంకులను ఏమి చేయవలెను? 1972 మార్చి 26న, స్వాతంత్ర్యప్రకటనపు తొలి వార్షికదినమున, ముజిబ్ జూటు, నూలు, చక్కెర మిల్లులను, బ్యాంకులను, బీమాసంస్థలను జాతీయము చేసెను. పరిశ్రమలలో నూటికి 85 పాళ్ల ఆస్తి ప్రభుత్వపరమైనది. బ్యాంకులను ఆఱుగా కూర్చి సోనాలీ, రూపాలీ, అగ్రణీ, జనతా, పూబాలీ, ఉత్తరా అని చక్కని పేర్లు పెట్టిరి. సిద్ధాంతము ఒక కారణమే కాని, అవసరము అంతకంటె పెద్ద కారణము: దిక్కులేని ఆస్తిని ఎవరో ఒకరు చేపట్టవలసియుండెను. పొరపాటెక్కడ జరిగినదనగా, లోకమున అన్నిటికంటె పెద్దదియని పేరుగాంచిన నారాయణగంజి ఆదమ్‌జీ మిల్లువంటివానికి నడపుట నేర్చినవారికి బదులు పార్టీ మనుష్యులు పెత్తందారులై వచ్చిరి. మగ్గములు చెడిపోయినచో విడిభాగములకు విదేశద్రవ్యము లేదు; ఉత్పత్తి తగ్గినది; నారను దొంగచాటుగా సరిహద్దు దాటించి భారతదేశమున అమ్మువారు బలిసిరి. దేశమునకు రావలసిన డాలరు సరిహద్దు సంతలో రూపాయలై చెదరిపోయినది.

జూను 30న తాజుద్దీన్ తొలి బడ్జెటును సమర్పించెను. మొత్తము 786 కోట్ల టాకాలు. అందు 501 కోట్లు పునర్నిర్మాణ, అభివృద్ధి కార్యములకు. ఇరువదియైదు బీఘాల వఱకు భూమిగల రైతులకు ప్రభుత్వము శిస్తును రద్దుచేసియుండెను. రైతు పన్ను ఇచ్చు స్థితిలో లేడనుట సత్యమే, ఇచ్చిన మాట నిలుపుకొనుట ధర్మమే. కాని ఖజానాకు వచ్చు దారి ఒకటి మూసికొనిపోయినది. మఱుసటియేడు 36,165 ప్రాథమికపాఠశాలలను ప్రభుత్వము తనపై వేసికొనినది. ఉపాధ్యాయుని జీతమును ఎవరు తప్పుపట్టుదురు? ఆదాయము తగ్గుచు, బాధ్యత పెరుగుచు పోయినందున, అభివృద్ధి పద్దులో అధికభాగము పరదేశముల సాయముమీద ఆధారపడవలసివచ్చెను. తాజుద్దీన్ ఏ తాడును మెడకు తగిలించుకొనరాదని తలచెనో, ఆ తాడువైపునకే ఆయన లెక్కలు ఆయనను నడపించినవి. 1972 ఏప్రిలు 4ననే అమెరికా బంగ్లాదేశ్‌ను గుర్తించియుండెను. ఆ యేడు ఆగస్టు 17న ప్రపంచబ్యాంకులోను, అంతర్జాతీయ ద్రవ్యనిధిలోను ఆ దేశము సభ్యత్వము పొందినది.

సభ్యత్వముతో పాత అప్పు ఎదురువచ్చెను. మన యిండ్లలో అన్నదమ్ములు వేఱుపడునప్పుడు ఉమ్మడి అప్పుమీద జరుగు పంచాయితీ వంటిదే ఇది. పాకిస్థాను తెచ్చిన అప్పులలో తూర్పువాటా మీరు వహింపవలెనని అప్పులవారు పట్టుబట్టిరి. కొత్త అప్పు కావలెనన్న ముందు పాత పత్రముమీద సంతకము కావలెను. ఆ డబ్బుతో ఏ పొలము కొన్నారో చూపుడు, మా గట్టున ఉన్న పొలమునకు మేము బాధ్యులము, అన్నగారి మేడకు కాదు అని ఢాకావారి సమాధానము. తమ నేలమీద కంటికి కనబడు పనులకు మాత్రమే ఋణమును అంగీకరింతుమని వారు నిలిచిరి. 1973 వసంతమున ఢాకాలోనే దాతలందఱు సమావేశమైనను బేరము తెగలేదు. ఆ వాదము న్యాయమైనదని నా నమ్మకము. కాని న్యాయము వాదించుటకు కాలము కావలెను, ఆకలికి కాలము లేదు.

ఇంతలో సామాన్యుని బ్రదుకు ఏమి? రేషను దుకాణము ముందు తెల్లవాఱుజాము నుండియే బారులు. కిరసనాయిలు దొరకక సాయంకాలమునకే ఊళ్లు చీకటిపడును. చీరలకు కఱవై, ఉన్న ఒక్క చీరను తల్లియు కూతురును మార్చుకొని కట్టుకొను యిండ్లు. సహాయపు సామగ్రి పేదవానిని చేరకముందే ఊరి పెద్దల చావడిలో తఱుగుచున్నదన్న మాట నోటనోట ప్రాకినది. తుపాకి పట్టి దేశమును విడిపించిన కుఱ్ఱవాడు ఉద్యోగము లేక తిరుగుచు, యుద్ధకాలమున దాగియుండి ఇప్పుడు లైసెన్సు సంపాదించిన వర్తకుని చూచి పండ్లు కొఱకుచుండెను. 1973లో పెట్రోలు వెల లోకమంతట ఆకాశమునకెగసెను. గోధుమల వెలయు, ఓడకేవులును దానివెంటనే పోయినవి. నిన్న నూఱుటన్నులు వచ్చిన డాలర్లకు ఇప్పుడు సగమును రాదు.

1974 వేసవిలో బ్రహ్మపుత్ర పొంగెను. సరిగా ఆ సంవత్సరముననే, జూటుమిల్లులకు బేరములు కావలసియున్న ఢాకా ప్రభుత్వము 40 లక్షల గోనెసంచులను ఒక దేశమునకు అమ్మెను. ఆ దేశము క్యూబా; క్యూబాతో వర్తకము చేయువారికి తిండిగింజలను ఇయ్యరాదని ఆనాటి అమెరికా చట్టమున నిబంధన ఉండెను. సంచులు పోయిన తరువాత ఓడలకు ఏమైనదో, రంగపూరు గ్రామములలో గంజికేంద్రముల ముందు ఎంతమంది బారులు తీర్చిరో, ఆ అక్టోబరున తాజుద్దీన్ అహ్మద్ ఎందుకు రాజీనామా చేయవలసివచ్చెనో వచ్చు భాగమున చదువగలరు.